విమానానికి రివర్స్ గేరు ఉండదన్నా

గడ్డపోతారం,
ఆదివారం పొద్దుగాల

అన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి జవాబు చెప్పేలోపే నీ సిగ్నల్ పోయింది. తర్వాత నువ్వు డ్యూటీలో, నేను క్లాసులో. వాయిస్ మెసేజ్ పెడదామనుకున్న గానీ ఇది రెండు నిమిషాల ముచ్చట కాదు. మన వాడకట్టాయన బుధవారం దుబాయ్ పోతున్నడు, ఆయన చేతికిస్త. మామిడికాయ పచ్చడితో పాటు ఈ కాయితాలు కూడా తీసుకో. సీసా కారి మొదటి పేజీ పాడైనా తిట్టకు, అసలు కథ తర్వాతనే ఉన్నది.

"విమానం నడిపేటోనికి కారు లైసెన్సు కూడా ఇస్తరా?" అని కదా నువ్వు అడిగింది. ఇస్తరు. కానీ విమానం నడుపుతడని ఇయ్యరు. నా లెక్క, నీ లెక్క, కిరాణం సేటు కొడుకు లెక్క ఎల్ఎల్ఆర్ తీసుకొని, ముప్పై రోజులు ఆగి, ట్రాక్ మీద తిప్పి చూపిస్తేనే ఇస్తరు. ఇది నేను విని చెప్తున్నది కాదు. మా అక్క కొడుకు, నువ్వు టాంకర్ క్యాబిన్‌లో ఒళ్ళో కూచోబెట్టుకొని హారన్ కొట్టించిన బుడ్డోడు, నెలన్నర నా ఆల్టోలో నేర్చుకున్నడు. జేబులో కమర్షియల్ పైలట్ లైసెన్సు, కారు ముందర ఎర్ర 'ఎల్' బోర్డు.

ఊరు నువ్వు విడిచిపోయినట్టే ఉన్నది. నడిరాత్రి దాటినంక ఖాజీపల్లి దిక్కు నుంచి అదే కెమికల్ కంపెనీల వాసన, పొద్దుగాల షిఫ్టు బస్సులు, గేట్ల ముందర టాంకర్ల లైను. పైన దుండిగల్ విమానాలు. మనం పుట్టకముందు, 1967లో, రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పునాదిరాయి వేసిన ఎయిర్‌ఫోర్స్ అకాడమీ అది. మన నెత్తుల మీద తిరిగీ తిరిగీ ఆ మోత మనకు చెవికే ఆనదు. వాడు మాత్రం చిన్నప్పటి సంది ప్రతిదానికీ తల ఎత్తేటోడు. ఇప్పుడు స్టీరింగ్ పట్టుకొని కూడా ఎత్తుతున్నడు. అదే నా బాధ.

చట్టం లెక్క ముందుగాల చెప్పి పక్కన పెడత. విమానం లైసెన్సు ఇచ్చేది ఢిల్లీలో ఉన్న డీజీసీఏ. దానికి 1934 నాటి చట్టం ఒకటి ఉండె, దాని జాగాలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అని కొత్తది 2025 జనవరి 1 నుంచి నడుస్తున్నది. కారుకు 1988 మోటారు వాహనాల చట్టం, ఇచ్చేది మన ఆర్టీఏ. ఒకదాని ముచ్చట ఇంకోదానికి పట్టదు. మోటారు చట్టం తొమ్మిదో సెక్షన్‌లో, టెస్టు పెట్టకుండానే లైసెన్సు ఇయ్యదగినోళ్ళెవరో రాసి ఉన్నది. కేంద్ర ప్రభుత్వ బండ్లు నడిపి ఆ లైసెన్సు పొందినోళ్ళున్నరు. వేరే దేశం డ్రైవింగ్ లైసెన్సు ఉన్నోళ్ళున్నరు. పైలట్ అన్న మాటే లేదు. అంటే నీ దుబాయ్ కార్డుకున్న మర్యాద వాని పైలట్ లైసెన్సుకు లేదు. ఈ మాట అక్కతో అంటే రెండు రోజులు నాకు చాయ్ పొయ్యలేదు.

వయసుల ముచ్చట ఇంకా గమ్మత్తు. విమానం నేర్చుకోను స్టూడెంట్ పైలట్ లైసెన్సు పదహారేండ్లకే ఇస్తరు. కిరాయికి కాకుండా సొంతంగ నడుపుకునే ప్రైవేట్ పైలట్ లైసెన్సు పదిహేడుకు. కారుకు మాత్రం పద్దెనిమిది నిండాలె. నడుమ ఒక ఏడాది, మనిషి మబ్బుల్లో తిరగొచ్చు గానీ మారుతీ కారు ముట్టుకోవద్దు. మావాడు ఒంటరిగా మొదటిసారి విమానం లేపిన రోజు వానికి పదిహేడు. పక్కన గురువు లేకుండా, ఒక్కడే పైకి పోయి, ఒక చుట్టు తిరిగి దిగిండు. ఆ రోజు వానికి బకెట్‌తో నీళ్ళు పోసిన్రట, అది వాళ్ళ ఆచారం. ఆ తడి అంగీతోనే నా బండి వెనక కూచుండి, బేగంపేట నుంచి బాలానగర్, గండిమైసమ్మ మీదుగా ఇంటికొచ్చిండు. వానికి సైకిల్ తప్ప నడపొచ్చే బండి లేకుండె. తొవ్వలో ఒక పోలీసాయన ఆపి వెనక కూచున్నోనికి హెల్మెట్ ఏదని అడిగితే, "సార్, ఇప్పుడే విమానం దింపి వస్తున్న" అనబోతున్నడు. నేను మోచేత్తో పొడిచిన. ఫైన్ కట్టినం.

ఇప్పుడు వీనికి కారు ఎందుకు అవసరమైందో చెప్పాలె కదా. 200 గంటలు నడిపి కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్నడు. బొల్లారం దిక్కు ఉన్న చెలక తుకుడ అమ్మిన పైసలు దానికే పోయినయ్. కానీ ఆ లైసెన్సుతో పెద్ద విమానం ఎక్కలేడు. ఎయిర్‌బస్ అయితే దానికి వేరే శిక్షణ, బోయింగ్ అయితే దానికి వేరే. టైప్ రేటింగ్ అంటరు. దానికి మళ్ళీ లక్షలు. ఉద్యోగం పిలుపు కోసం చూస్తున్నడు. ఇంతలో మా బావకు నడుము పట్టేసింది. ఆయన టాటా ఏస్ ఇంటి ముందర ఆగిపోయింది, దాని కిస్తీ మాత్రం ఆగలేదు. అందుకని పిలగాడే వచ్చి, "మామా, నాకు లైసెన్సు ఇప్పియ్యి, నేను నడుపుత" అన్నడు. కారు లైసెన్సుతోనే ఏస్ నడపొచ్చని, 7,500 కిలోల లోపు బండ్లకు అది చెల్లుతదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలు ఖాయం చేసినంక మాలాంటి డ్రైవింగ్ స్కూళ్ళకు చెల్లదేమోనన్న భయం పోయింది. అక్క మాత్రం ఏడ్చింది. రెక్కలున్నోడు ట్రాలీ నడుపుతడా అని.

ఏడ్చినప్పుడు వాడు ఆమెకు ఒక కథ చెప్పిండు. 1947లో ప్రేమ్ మాథుర్ అనే ఆమె అలహాబాద్‌లో కమర్షియల్ లైసెన్సు తీసుకున్నదట. ఉద్యోగానికి అర్జీ పెడితే ఎనిమిది కంపెనీలు వద్దన్నయ్, ఆడామె నడిపితే జనం ఎక్కరని. ఆఖరుకు తీసుకున్నది మన బేగంపేట కంపెనీ, డెక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో కమర్షియల్ విమానం నడిపిన మొదటి ఆడామె ఆమె. "ఎనిమిది మంది వద్దన్నరు, నన్నింకా ముగ్గురే అన్నరు" అని లెక్క చెప్పిండు. అక్క కండ్లు తుడుచుకొని, మిగిలిన ఐదుగురి పేర్లు అడిగింది.

ఇగ మొదటి క్లాసు. నువ్వుంటే కడుపుబ్బ నవ్వేటోనివి. మామూలుగా మా స్కూలుకు వచ్చినోడు సూటిగా సీట్లో కూచుంటడు, తాళం తిప్పుతడు. వీడు కారు చుట్టూ తిరగబట్టిండు. నాలుగు టైర్లు చేత్తో నొక్కిండు. వంగి కిందికి చూసిండు. బానెట్ లేపి ఆయిల్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసిండు. "పెట్రోల్ ఎంత ఉన్నది మామా?" అన్నడు. ముల్లు చూపించిన. "ముల్లును నమ్మొద్దని మా రూలు" అన్నడు. వాళ్ళు సెస్నా విమానం రెక్క ఎక్కి, టాంకులో పుల్ల దించి చూస్తరట. తర్వాత కింది నుంచి కొంచెం పెట్రోల్ గాజు గొట్టంలోకి దించి వెలుగుకు పెడతరు. ఆ పెట్రోల్ నీలం రంగు. అందులో నీళ్ళు కలిస్తే అడుగున ముత్యం లెక్క వేరే గుండ్రంగ కూచుంటదట. ఒక్క ముత్యం చాలు పైన ఇంజన్ ఆగనీకి, ఆగితే పక్కకు ఆపుకునే జాగా ఉండదు. గాజు గొట్టం పట్టుకున్నట్టే రెండు వేళ్ళు లేపి చూపిస్తుంటే, నిజంగనే నీళ్ళున్నయేమో అని నేనూ వంగి చూసిన.

అంత జాగ్రత్త మనిషి, బండి కదిలిన నిమిషంలో నన్ను చంపబోయిండు.

చిన్న విమానం నేల మీద పోయేటప్పుడు చేతులతో తిరగదట అన్నా, కాళ్ళతో తిరుగుతది. కుడికి పోవాలంటే కుడి పెడల్, ఎడమకు ఎడమ పెడల్. ఆ పెడళ్ళ పైభాగమే మునివేళ్ళతో నొక్కితే బ్రేకు. చేతిలో ఉండేది గాలిలో రెక్క వంచుకోవడానికే. కారు అలవాటున్నోళ్ళు విమానం నేర్చుకునేటప్పుడు నేల మీద ఆ స్టీరింగ్ లాంటిది గిరగిర తిప్పుతరట, విమానం మాత్రం వినకుండా సూటిగా గడ్డిలోకి పోతదట. మావానికి కారు అలవాటు లేదు కాబట్టి అక్కడ ఆ తిప్పలు పడలేదు. ఆ బాకీ ఇక్కడ తీరింది. బస్టాపు మూల మీద "కుడికి" అన్న. వాడు కుడికాలు తొక్కిండు. కుడికాలి కింద ఉన్నది ఎక్స్‌లేటర్. బండి మూలుగుకుంట ఎదురుగ ఆగిన సాల్వెంట్ టాంకర్ మీదికి ఉరికింది. నా దిక్కున్న బ్రేకు రెండు కాళ్ళతో తొక్కిన. టాంకర్ వెనక నారింజ పలక మీద 1294 నంబరు కనిపిస్తున్నది. టొల్యూన్. నువ్వే నేర్పినవ్ ఆ నంబరు నాకు, నీ కింద క్లీనర్‌గ చేసిన రోజుల్లో. తర్వాత ఎడమకు తిప్పమంటే ఎడమకాలు తొక్కిండు. అది క్లచ్. దానికి ప్రాణం పోదు గానీ, బండి ఎటూ కాకుండా జారుకుంట పోయింది.

మూడో రోజు ఇంకోటి. కంపెనీల వెనక రోడ్డులో ఎదురుగ రాంగ్ రూట్‌లో ఒక బొలెరో. మనమైతే ఏం చేస్తం, ఎడమకు ఒదుగుతం. వీడు కుడికి కోసిండు! ఆకాశంలో రెండు విమానాలు ఎదురెదురుగ వస్తే ఇద్దరూ కుడికి తిరగాలె, ప్రపంచమంతా అదే రూలట. బొలెరో వాడు బుద్ధి తెచ్చుకొని తన సైడుకు పోబోయిండు, వీడు కూడా అటే. జానెడు సందులో ఆగినం. బొలెరో వాడు కిటికీలోంచి మా ఇంటి ఆడోళ్ళందరినీ తలుచుకున్నడు. మావాడు నిదానంగ అన్నడు, "మామా, ఆయన రీడ్‌బ్యాక్ ఇయ్యలేదు." టవర్ ఏది చెప్పినా పైలట్ అదే మాట తిరిగి చెప్పాలె, చెప్పకపోతే విననట్టే లెక్క. అందుకు వేరే రేడియో లైసెన్సు కూడా ఉన్నది వానికి. గండిమైసమ్మ చౌరస్తాలో రీడ్‌బ్యాక్ ఎవడిస్తడు బిడ్డా, హారనే మన రేడియో అన్న.

ఎల్ఎల్ఆర్ పరీక్ష వానికి మంచినీళ్ళు తాగినంత సులువైంది. డ్రైవింగ్ టెస్టులో ఎనిమిది కూడా మంచిగనే వేసిండు. 'హెచ్' కాడ పడ్డడు. ముందుకు సూటిగా పోయిండు, ఆగిండు, రివర్స్ వేసిండు, అంతే. వెనక్కి ఎట్ల చూడాలో, ఏ దిక్కు తిప్పితే తోక ఏ దిక్కు పోతదో తెలియక గడకట్టెను పడగొట్టిండు. బయటకొచ్చినంక ముఖం చిన్నగ చేసుకొని అన్నడు, "విమానానికి రివర్స్ ఉండదు మామా." సెస్నాను వెనక్కి జరపాలంటే ముందు చక్రానికి టో బార్ తగిలించి చేతులతో నెడతరట. పెద్ద జెట్టును ట్రాక్టర్ లాంటి బండి నెడతది. ఆ నెట్టే బండి నడపాలంటే మళ్ళీ మామూలు డ్రైవింగ్ లైసెన్సు ఉండాలె, దాని మీద ఎయిర్‌పోర్టు వాళ్ళిచ్చే ఎయిర్‌సైడ్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలె. అంటే విమానం నడిపే కెప్టెన్, తన విమానాన్ని వెనక్కి నెట్టే బండిని ముట్టుకోలేడు. ఇది విన్నప్పుడు నాకు, ఎందుకో చెప్పలేను గానీ, మనసు కుదుటపడ్డది.

ఏడు రోజులు ఆగితే మళ్ళీ టెస్టుకు పోవచ్చు. ఆ ఏడు రోజులు ఖాళీ ప్లాటులో నాలుగు ఖాళీ డ్రమ్ములు పెట్టి, ఏస్‌తోనే నేర్పించిన. నా మాటలతో కాదన్నా, నీ మాటలతోనే. "మూతి సంగతి మర్చిపో, తోకను చూడు, మూతి దాని వెంట అదే వస్తది." ఈ మాట నువ్వు నాకు జిన్నారం రోడ్డు మీద చెప్పి ఇరవై ఏండ్లు దాటింది. విమానంలో వెనక చూసే అద్దం ఉండదు. వానికి ఆ అలవాటే కొత్త. రెండు రోజులు మెడ తిప్పనీకి నామోషీ పడ్డడు, మూడో రోజు అద్దం చూసుకుంట తనలో తాను చెప్పుకోవడం మొదలుపెట్టిండు: "ఎడమ క్లియర్. కుడి క్లియర్. వెనక బర్రె." బర్రెను కూడా వదలకుండా చదివిండు.

దావత్‌లో వాని తీరు చూడాలె నువ్వు. రోడ్డు మీద మనకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా కేసు లేదు. వాళ్ళకు సున్న. విమానం ఎక్కే ముందు 12 గంటలు చుక్క ముట్టొద్దు, ఊదినప్పుడు మిషన్ సున్న చూపాలె. మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్సు పక్కన పెడతరు, రెండోసారి మూడేండ్లు, మూడోసారి ఇగ ఇంటికే. స్పిరిట్ ఉన్న మౌత్‌వాష్ కూడా వాడొద్దని 2023లో రూలు తెచ్చిన్రు. అప్పటి సంది దసరాకు ఈతకల్లు కూడా ముట్టడు, దగ్గొస్తే మిరియాల కషాయమే. ఏడాదికోసారి డాక్టర్ల కాడ కండ్లు, చెవులు, గుండె అన్నీ చూపించుకొని రావాలె. మన డ్రైవింగ్ లైసెన్సు ఫారం-1లో ఏముంటది? 25 మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు కనిపిస్తదా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తదా అని అడుగుతరు, మనమే 'అవును' అని సంతకం పెడతం. కారుకైతే నలభై దాటినంకనే డాక్టర్ సర్టిఫికెట్. నువ్వు ఆ ఫారం నింపినప్పుడు అద్దాలు ఇంట్లో మర్చిపోయి, ఏం రాసి ఉన్నదో నన్ను చదవమన్నవ్. గుర్తుందా?

అయితే అన్నా, అసలు ఈ ఉత్తరం రాసింది నవ్వించనీకి కాదు. మొన్న రాత్రి వాడు, నేను మిద్దె మీద కూచున్నం. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ కాడ దుండిగల్ పిలాటస్ విమానం పడి ఇద్దరు పైలట్లు పోయిన్రు కదా, ఆ మాట వచ్చింది. ఆ రోజు అక్క వీనికి లెక్కలేనన్ని ఫోన్లు చేసింది, వీడు అప్పుడు ఇంకా శిక్షణలోనే ఉండె. "భయం కాలేదా" అన్న. జవాబు చెప్పలేదు. ఫ్యూయల్ కొట్టిచ్చేటప్పుడు ఏం చేస్తరో చెప్పిండు. ముందు విమానానికి, పెట్రోల్ బండికి నడుమ వైరు కలుపుతరు, రెండింటి నడుమ నిప్పురవ్వ లేవొద్దని. అది పెట్టకుండా పైపు ముట్టరు.

నాకు నువ్వు యాదికొచ్చినవ్. గేటు కాడ అగ్గిపెట్టె, ఫోను అప్పజెప్పి, సైలెన్సర్‌కు స్పార్క్ అరెస్టర్ తొడిగి, టాంకర్‌కు ఎర్తింగ్ క్లాంప్ పెట్టినంకనే వాల్వు ముట్టేటోనివి. తొందరలో ఒకసారి నేను ముందే వాల్వు మీద చెయ్యేస్తే చెంప మీద ఒకటి ఇచ్చినవ్. క్యాబిన్‌లో, ప్రమాదమైతే ఏం చెయ్యాలో రాసి ఉండే ట్రెమ్ కార్డు, పైన నీ లైసెన్సు మీద ప్రమాదకర రసాయనాల ఎండార్స్‌మెంటు. ఆ ముద్ర కోసం నువ్వు మూడు రోజుల ట్రైనింగ్ కూచున్నవ్. అప్పట్లో ఏడాదికోసారి రెన్యూవల్, 2019 సవరణ తర్వాత మూడేండ్లకోసారి చేసిన్రు. మామూలు లారీ లైసెన్సు సరిపోదు దానికి. వాని టైప్ రేటింగ్ కూడా ఇదే కదా! లైసెన్సు మీద ఇంకో లైసెన్సు, నీకు సరుకును బట్టి, వానికి బండిని బట్టి. ఈ మాట చెప్తే వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పెద్దమామ నడిపిన దాంట్లో లీకయితే ఊరు పోతుండె, నేను నడిపిన సెస్నా పడితే నేనొక్కన్నే" అన్నడు. నిన్ను పెద్దమామ అనే పిలుస్తడు ఇప్పటికీ.

నువ్వేమో అక్కడికి పోయి, పదిహేనేండ్లు టొల్యూన్ మోసిన మనిషివి, ఇండియా లైసెన్సు చెల్లదంటే పిల్లలతో పాటు మళ్ళీ క్లాసుల్లో కూచున్నవ్, మళ్ళీ టెస్టు ఇచ్చినవ్. అప్పుడు ఫోన్‌లో పరువు పోయిందన్నవ్. అమెరికాలో విమానం నేర్చుకొని వచ్చినోళ్ళు కూడా ఇక్కడ మళ్ళీ డీజీసీఏ పరీక్షలు రాయాల్సిందేనట. వాని దోస్తులు ఇద్దరు అదే పనిలో ఉన్నరు, కండ్ల కింద నల్లగ చేసుకొని.

రెండో టెస్టుకు మొన్న గురువారం పోయినం. 'హెచ్' మంచిగ వచ్చింది. కార్డు పోస్టులో వస్తదట. శుక్రవారం పొద్దుగాల వాడు ఏస్ చుట్టూ తిరిగి, టైర్లు నొక్కి, ఆయిల్ చూసి, డీజిల్ టాంకులోకి పుల్ల దించబోతుంటే మా బావ మంచం మీద నుంచే ఆపిండు. మొదటి ట్రిప్పు బాలానగర్‌కు, అట్టపెట్టెలు. నేనూ పోయిన, ఊరికే. లోడింగ్ కాడ రివర్స్ పెడుతుంటే పైన పిలాటస్ మోత వినిపించింది. తల ఎత్తలేదు. దిగినంక మాత్రం తలుపు తీసి, దాని దిక్కు చూసి, ఏ ఎత్తులో పోతున్నదో నాకు అడుగుల్లో చెప్పిండు.

సంక్రాంతికి వస్తున్ననంటివి. వచ్చేటప్పుడు దుబాయ్ కార్డు మర్చిపోకుండ తే, డాక్టర్ సర్టిఫికెట్ నేను ఇక్కడ చూస్త. నీ పాత ఏపీ 23 లైసెన్సు ఎప్పుడో చచ్చిపోయింది, దాన్ని పట్టుకొని ఊగకు. ఆ కార్డు చూపిస్తే టెస్టు మాఫీ అయితదని పైన రాసిన కదా, ఆఫీసు వాళ్ళు ఒప్పుకుంటరు. నేను ఒప్పుకోను. ఇన్నేండ్ల సంది కుడి సైడు రోడ్డు మీద నడుపుతున్నవ్. రెండు రోజులు నా ఆల్టోలో, నా బ్రేకు నా కాలి కింద ఉండంగ తిరిగినంకనే నీకు తాళం ఇస్త. ఫీజు తీసుకోను గానీ చెంప మీద ఒకటి బాకీ ఉన్నది.

నీ తమ్ముడు

మళ్ళీ రాస్తున్న: ఎర్తింగ్ క్లాంప్ ఒకటి నీది నా షెడ్డులోనే ఉన్నది. తుప్పు పట్టింది, పారెయ్యలేదు. పిలగాడు అడిగితే చూపించిన, తీసుకపోయి ఏస్ డ్యాష్‌బోర్డులో పెట్టుకున్నడు.